జిగురు తేటపడేదాకా

ఆ ఏడు మంచు కరిగే రోజుల్లో మేం వంటింటి నేల మార్చుకోకపోయి ఉంటే, నా మొగుడు రేనో జూన్ దాకా స్కూలు బస్సు నడిపేవాడే. ఆ లోపల ఏం జరిగి ఉండేదో తలుచుకోవాలంటే ఇప్పటికీ నాకు భయం.

నేల మార్చాలన్నది నా ముచ్చటేమీ కాదు. గిన్నెలు తోమే మెషిన్ వెనక పైపు చలికాలంలో ఎప్పుడో చిట్లింది. మాకు తెలియకుండా కారి కారి, పాత లినోలియం షీటు కింద చెక్కంతా నానబెట్టింది. మార్చి వచ్చేసరికి సింకు ముందు నిలబడితే కాళ్ళ కింద నేల మెత్తగా దిగేది.

"ఇంకో నెల ఆగావంటే గిన్నెలతో సహా బేస్‌మెంటులో తేలతావు" అంది నా ఆడపడుచు మేవిస్. రేనోకి అక్క. ఆవిడ నోరూ ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. తిడుతూనే ఏదో ఒకటి వండి తెచ్చిపెడుతుంది.

ముగ్గురం కలిసి ఊళ్ళో కొట్టుకి వెళ్ళాం. కొట్టతను రాయిలా కనిపించే వినైల్ పలకలు చూపించాడు. నిజం రాయి వేస్తే చలికి పాదాలు కొయ్యబారిపోతాయి, పైగా మా ఇంటి పాత దూలాలు అంత బరువు మోయవు. ఇవైతే జిగురు రాసి అతికించుకోవచ్చు. మధ్యలో సన్నటి సందు వదిలి, అందులో గ్రౌట్ ముద్ద నింపుకుంటే అచ్చం రాతినేలే అన్నాడు.

"ప్లాస్టిక్ ముక్కకి గ్రౌట్ ఎందుకయ్యా? పెట్టుడు పళ్ళకి పుచ్చుల మందు రాసినట్టు!" అంది మేవిస్.

కొట్టతను నవ్వేసి నావైపు తిరిగాడు. "జిగురు దగ్గర మాత్రం తొందరపడకండమ్మా. రాసినప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది. అది ఆరి తేటపడాలి. వేలి కణుపుతో తాకితే పట్టుకోవాలి గానీ వేలికి రాకూడదు. తెల్లగా ఉండగానే పలక పెట్టారా, మంచు మీద దూడలా జారిపోతుంది."

రేనోకి గ్రౌట్ రంగుల అట్ట చేతికిస్తే, దాన్ని ఓ పక్కకి పట్టుకుని కాసేపు ఉండి, "నీకు నచ్చింది తీసుకో" అని నాకిచ్చేశాడు.

ఆ చలికాలమంతా నేను వింటున్నది ఆ మాటే. నీకు నచ్చింది వండు, నీకు నచ్చింది పెట్టు, నీకు నచ్చిన చోటికి వెళ్దాం. గురువారం పేకాటకి వెళ్ళడం మానేశాడు. ఆడి ఆడి విసుగొచ్చిందన్నాడు. వేటకి వెళ్ళలేదు, నడుం నొప్పన్నాడు. అన్నిటికంటే నన్ను పొడిచింది ఇంకొకటి. నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూడటం మానేశాడు. చూపు నా చెవి పక్కనుంచి పోయేది. ఒకటి రెండుసార్లు ఎవరైనా వచ్చారేమోనని నేనే వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఇన్నేళ్ళ కాపురం తర్వాత మొగుడు మొహం చూడకపోతే ఆడదానికి ఎలా ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. బస్సుల షెడ్డులో ఫోన్లు ఎత్తే కొత్తామె నవ్వు కూడా నాకు అప్పుడే ఎందుకో నచ్చకుండా పోయింది.

అడగొచ్చుగా అంటారు. మావైపు మనిషి తనకి బాగోలేదని నోటితో చెప్పడు. చెట్టు మీద పడి కాలు విరిగినవాణ్ణి అడిగినా "మరీ చెడ్డగా ఏం లేదు" అంటాడు. మా మామగారు ఆస్పత్రిలో ఆఖరి రోజున అన్న మాట కూడా అదే. ఎలాగూ అదే జవాబు వచ్చేదానికి అడగడం దేనికని నేనూ మూతి ముడుచుకుని ఊరుకున్నాను.

ఏప్రిల్ మధ్యకి కుళ్ళిన చెక్క పీకేసి కొత్త ప్లైవుడ్ కొట్టించాం. అతుకుల మీద లప్పం రాసి నునుపు చేశాం. బయట చెరువు మీద మంచు ఇంకా బూడిదరంగులో పేరుకునే ఉంది, దారంతా బురద. శనివారం పొద్దున వంటిల్లు మధ్యలో సుద్ద పూసిన దారంతో గీత కొట్టి, ఫ్రిజ్ వైపు సగానికి జిగురు రాశాను. పళ్ళ తాపీతో గీసుకుంటూ రావడం నా వంతు, పలకలు పేర్చడం రేనో వంతు. జిగురు రాయడం అయ్యాక చూసుకుంటే పలకల మధ్య సందుకి పెట్టే ప్లాస్టిక్ ముక్కలు సగానికి కూడా చాలవని తేలింది. ఎలాగూ జిగురు ఆరాలి కదా అని నేను కారు తీసుకుని ఊళ్ళోకి వెళ్ళాను.

కొట్లోంచి ఫోన్ చేశాను.

"జిగురు ఎలా ఉంది?"

"మరీ చెడ్డగా ఏం లేదు."

"దాని ఆరోగ్యం కాదయ్యా నేనడిగేది. తేటపడిందా, ఇంకా తెల్లగానే ఉందా? వంగి చూసి చెప్పు."

వంగినట్టున్నాడు, మోకాలు టక్కుమనడం ఫోన్లో వినిపించింది. 

"తేటపడింది" అన్నాడు.

"అప్పుడేనా? బయట ఇంత తడిగా ఉంటే!"

"హీటర్ పెంచాను కదా."

"సరే, అయితే ఉన్న ముక్కలతో గీత దగ్గర మొదలుపెట్టు. వచ్చేస్తున్నా."

వెనక వరండాలో బురద బూట్లు విప్పుకుని తలుపు తీసేసరికి రేనో మోకాళ్ళ మీద ఉన్నాడు. నాలుగు వరసలు పరిచేశాడు. ఒక్కటీ గీతకి సరిగ్గా లేదు. పలకలు ఒకదాన్నొకటి తోసుకుని, సందుల్లోంచి తెల్లటి జిగురు పైకి ఉబికి వస్తోంది. అతని అరచేతులూ, ప్యాంటు మోకాళ్ళూ పాలలో ముంచినట్టున్నాయి. ఇంకో పలక చేతిలో పట్టుకుని, నా చెవి పక్కకి చూస్తూ నవ్వాడు.

"ఎలా ఉంది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. జిగురు డబ్బా ఖాళీ, పొద్దుటి కష్టం గంగలో కలిసింది. చలికాలమంతా మింగుకున్న కోపం కూడా అందులో కలిసే ఉంటుంది.

"ఎలా ఉందా? పిల్లిని కూర్చోబెట్టినా ఇంతకంటే తిన్నగా పరిచేది! నేల నేలంతా తెల్లగా ఉంటే తేటపడిందని ఎలా చెప్పావు? నీకేమన్నా కళ్ళు కనపడట్లేదా?"

అది తిట్టు. తిట్టుకి ఎవరూ జవాబు చెప్పరు. రేనో చెప్పాడు.

"అంచుల్లో కనపడుతోంది ఆర్డీ. మధ్యలో లేదు."

నేను చేతిలోని సంచి కింద పెట్టాను. సింకు దగ్గర్నుంచి తడిగుడ్డ తెచ్చుకుని, అతని పక్కన కూర్చుని, పలకలు ఒక్కొక్కటీ ఊడదీయడం మొదలుపెట్టాను. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు చేతులకి పని ఉండటం మంచిది. పచ్చి జిగురు కాబట్టి పలకలు ఇట్టే వచ్చేశాయి. నేను తీసి ఇస్తుంటే అతను వెనక తుడిచి గోడకి ఆనించాడు.

"ఎప్పట్నుంచి?"

"ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడిది బాగానే ఉంది కదా అనుకున్నా. వేట రోజులప్పుడు దానిలోనూ ఒక మచ్చలా మొదలైంది. ఎటు చూస్తే అటు వస్తుంది. నీ మొహం మీదా అదే. పక్కకి చూస్తే కొంచెం తప్పుకుంటుంది."

నా చెవి పక్కనుంచి చూసిన చూపులన్నీ అప్పుడు నాకు అర్థమయ్యాయి. మనిషి నన్ను చూడటం మానేశాడని నేను కుళ్ళిపోతుంటే, అతను నన్ను చూడటానికే పక్కకి చూస్తున్నాడు. సిగ్గేసింది, జాలేసింది. ఆ వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"బస్సో?"

రేనో గుడ్డ పిండుతున్నాడు.

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్తే బండి నడపకూడదని రాసిచ్చేస్తాడుగా."

"రేనో, బస్సు సంగతి అడుగుతున్నా."

"ఆ దారి నాకు కంఠతా వచ్చు. కళ్ళు మూసుకుని నడపగలను."

"అదేగా నువ్వు చేస్తున్నది!"

మామూలుగా అయితే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఎవరమూ నవ్వలేదు.

"జూన్‌లో వేసవి సెలవులకి బడి మూసేస్తారు" అన్నాడు. "కొన్ని వారాలే కదా. మెల్లగా పోతున్నా. పిల్లలు ఎక్కేచోట మామూలుకంటే ఎక్కువ సేపు ఆగుతున్నా. జూన్ అయ్యాక నేనే దిగిపోతా, ఎవరికీ చెప్పక్కర్లేకుండా. ముసలాడయ్యాడు, మానేశాడు అనుకుంటారు. అంతే."

"ఇప్పటిదాకా ఏమీ కాలేదా?"

అబద్ధం చెప్పడం అతనికి రాదు. చెప్పకుండా ఉండటం వచ్చు, అది వేరు. చాలాసేపు తుడిచిన పలకనే మళ్ళీ తుడిచాడు.

"మంగళవారం, చెరువు మలుపు దగ్గర. వెస్టర్ వాళ్ళ చిన్నపిల్ల. తెల్ల కోటు వేసుకుంది. రోడ్డు పక్క మంచు కుప్పలో కలిసిపోయింది. రాలేదనుకుని గేరు వేశా. వాళ్ళ కుక్క మొరిగింది. మొరిగిన తీరు బాగోక బ్రేకు మీద కాలు పెట్టా." ఆగాడు. "బస్సు ముందే ఉంది పిల్ల. చేతి తొడుగు పడిపోతే తీసుకుంటోంది."

వంటింట్లో ఆ జిగురు వాసన ఇప్పటికీ నాకు ఆ మాటలతో కలిసే గుర్తొస్తుంది.

"ఇంకేం కావాలి రేనో?"

"ఏం కాలేదుగా."

"ఏం కాలేదు కాబట్టే ఇంకేం కావాలని అడుగుతున్నా."

తలొంచుకున్నాడు. "ఆర్డీ, ఆ బస్సు లేకపోతే నేను పొద్దున్నే లేచి ఏం చెయ్యను? ఊళ్ళో సగం మందిని బడికి మోసినవాణ్ణి. వాళ్ళ పిల్లల్ని మోస్తున్నా. రేపట్నుంచి నన్ను ఎవరో ఒకరు మోస్తారు. ఉప్పుకీ కాఫీకీ కూడా నువ్వు తిప్పాలి."

"తిప్పుతా."

"నాకొద్దు."

"నీకొద్దని తెలుసు. సోమవారం లోపల నువ్వు లొరెన్‌కి చెప్పకపోతే నేను చెప్తాను." లొరెన్ బస్సుల షెడ్డు పెద్ద. రేనోతో కలిసి చదువుకున్నవాడు.

"నా మీద నువ్వు చెప్తావా?"

"చెప్తా."

లేచి బయటికి పోతాడనుకున్నాను. పోలేదు. కానీ ఆ తర్వాత పనికి కావలసిన మాట తప్ప మాట్లాడలేదు.

కొత్త డబ్బా తెచ్చి మధ్యాహ్నం మళ్ళీ జిగురు రాశాను. ఈసారి ఇద్దరం హాలు గడప మీద కూర్చుని కాపలా కాశాం. మొదట నేనే చూసి చెబుతానన్నాను. అతను మాట వినకుండా చెయ్యి చాపి వేలి కణుపు ఆనించాడు. "ఇంకా" అన్నాడు. కాసేపయ్యాక మళ్ళీ ఆనించాడు. "ఇంకా." నా కళ్ళకి అప్పటికే మూలలు తేటపడ్డాయి, అయినా ఊరుకున్నాను.

ఆ కాపలాలో ఉండగానే వెనక వరండాలో మేవిస్ గొంతు వినిపించింది.

"మాంసం కూరిన పాస్టీలు తెచ్చా. లోపలికి రానిస్తారా, ఇక్కడే నేను తినేసి పోనా?"

"తడి! అడుగు పెట్టావంటే ఉండిపోతావు" అని అరిచాను.

"ఉండిపోతే నీకే మంచిది, వంట తప్పుతుంది" అంటూ మేవిస్ తలుపు తీసి, గుమ్మంలో నిలబడి, మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "ఏంటి, స్కూల్లో గోడకుర్చీ వేసినట్టు కూర్చున్నారు? ఏమోయ్ రేనో, మొన్న కొట్లో ఎదురుపడి పలకరించకుండా పోయావు. పెద్దమనిషివైపోయావన్నమాట. నాన్న పడవ నేను అమ్మేశానన్న సంగతి ఇంకా కడుపులో పెట్టుకున్నావేమో అనుకున్నా."

రేనో నావైపు తిరిగాడు. నేను ఏమీ సాయం చెయ్యలేదు. చెప్పేది అతనే చెప్పాలి.

"నువ్వని తెలియలేదు మేవిస్" అన్నాడు. "మొహాలు కనపడట్లేదు నాకు."

మేవిస్ చేతిలో గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది.

"నా మొహం కనపడట్లేదా?" అంది. "అదృష్టవంతుడివి."

కానీ ఆ గొంతు ఎప్పటి గొంతు కాదు. పాస్టీల గిన్నె వరండాలో బల్ల మీద పెట్టేసి, చల్లారకముందే తినమని చెప్పి వెళ్ళిపోయింది. కారు స్టార్ట్ చేసిన చప్పుడు మాత్రం చాలాసేపటిదాకా రాలేదు.

"ఇప్పుడు తేటపడింది" అన్నాడు రేనో, కణుపు ఎత్తి.

పలకలు ఈసారి ఎక్కడ పెడితే అక్కడ కూర్చున్నాయి. సాయంత్రానికి నేలంతా అయిపోయింది. అద్దెకి తెచ్చిన బరువు రోలర్‌ని ఇద్దరం పట్టుకుని అటూ ఇటూ దొర్లించాం. రాత్రి అతను ఫోన్ జోలికి పోలేదు.

ఆదివారం పొద్దున కూడా పోలేదు. కాఫీ తాగాడు, రేడియో విన్నాడు, బస్సుల షెడ్డు తాళం జేబులో ఉందో లేదో చేత్తో తడుముకున్నాడు. ఆ తడుముకోవడం చూసి నాకు భయమేసింది. నేను లొరెన్‌కి ఫోన్ చేస్తే బస్సు ఆగుతుంది, నిజమే. ఆ తర్వాత ఆ ఇంట్లో మేమిద్దరం ఎలా బతుకుతామో నాకు తెలియలేదు. అయినా చేసేదాన్నే. వెస్టర్ వాళ్ళ పిల్ల ఆ పొద్దున నాకు చర్చిలో కనిపించింది, ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి.

మధ్యాహ్నం గ్రౌట్ డబ్బా తెరిచాం. గోడ వారలన్నీ ముందే అయ్యాక, మధ్య గీత దగ్గర ఎదురెదురుగా కూర్చుని మొదలుపెట్టాం. రబ్బరు తాపీతో సందుల్లోకి నెట్టడం, మిగిలింది స్పాంజితో తుడవడం, ఒక్క అడుగు వెనక్కి జరగడం. అతను సందు సందుకీ బొటనవేలు పారించి చూసుకుంటున్నాడు. ఎక్కడైనా పల్లం తగిలితే ఇంకాస్త నింపుతున్నాడు. కోపంగా ఉన్న మనిషి చేతులు అంత ఓపిగ్గా ఎలా కదులుతాయా అనుకున్నాను.

అలా వెనక్కి జరిగి జరిగి నేను హాలు గడప మీదికి చేరాను, అతను వెనక వరండాలోకి చేరాడు. అప్పుడు గాని ఇద్దరం చేసిన తెలివితక్కువ పని తెలియలేదు. మధ్యలో వంటిల్లంతా తడి. రాత్రిదాకా కాలు పెట్టడానికి లేదు. వీధి గుమ్మం మావైపు ఎవరూ తెరవరు, దాని ముందు మే నెల దాకా మంచు కుప్ప అలాగే ఉంటుంది.

"అక్కడే పడుకుంటావా ఏంటి?" అన్నాను.

రేనో వరండా బెంచీ మీద కూర్చుని జేబులోంచి ఫోన్ తీశాడు. మొహానికి దగ్గరగా పెట్టుకుని, పక్కకి తిప్పి, నంబరు నొక్కాడు. తలుపు తెరిచే ఉంది.

"లొరెన్, ఎలా ఉన్నావ్? ... ఆ, ఇక్కడా అంతే ... లేదు, చెరువు మీద మంచు ఇంకా కదల్లేదు, వారం పడుతుంది ... నీ మోకాలు? ... ఆహా."

చేపల కబుర్లు అయ్యాయి, లొరెన్ కూతురి కొత్త ట్రక్కు అయింది, బురద అయింది. నేను హాలు గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ పెట్టేస్తాడేమోనని ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

"ఇంకోటి లొరెన్. రేపట్నుంచి నా బస్సుకి మనిషిని చూసుకో ... ఒక్కరోజు కాదు ... కాదు, నడుం కాదు. కళ్ళు. పోయినట్టే." అవతల ఏమన్నాడో వినపడలేదు. "ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే ... అవునులే. అది కాదు, కాగితం ఉందా నీ దగ్గర? రాసుకో. పాత గని దగ్గర కవలలు, ఒకడే ముందొస్తాడు. వాణ్ణి చూసి తలుపు మూసెయ్యొద్దు, రెండోవాడు బూట్లు వేసుకుంటూ ఉంటాడు. చర్చి మలుపులో ఎక్కే పిల్ల మాట్లాడదు. గుడ్ మార్నింగ్ చెప్తే చాలు, జవాబు కోసం చూడొద్దు. రంపపు మిల్లు దగ్గర ఎక్కేవాడికి పొద్దున ఇంట్లో ఏమీ పెట్టరు. నా సీటు కింద డబ్బాలో బిస్కెట్లుంటాయి, అడగకుండా ఇవ్వాలి, అడిగితే వద్దంటాడు. రాశావా?"

దారి పొడుగునా చెప్పాడు, ఒక్క గుమ్మం వదలకుండా. ఆ చెప్పేది వింటూ నేను ఏడ్చాను. చప్పుడు కాకుండా ఏడ్చాననే అనుకున్నాను.

ఫోన్ పెట్టేసి లేచి, రేనో వరండా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆర్డీ, అక్కడే ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను?"

"కొంచెం ఎడమకి జరుగు. నీ ఎడమ కాదు, నా ఎడమ. దీపం కిందకి రా. ఆ, అక్కడ. కదలకు."

కదలకుండా నిలబడ్డాను. అతను మొహం మెల్లగా తిప్పాడు, ఫ్రిజ్ వైపు, ఇంకాస్త, ఇంకాస్త, ఫ్రిజ్‌ని బేరం చేస్తున్నవాడిలా. తర్వాత ఆగిపోయాడు.

"జుట్టు కత్తిరించుకున్నావా?"

"ఆ."

"ఎప్పుడు?"

"క్రిస్మస్‌కి ముందు."

"ఇంతకాలం నాకు చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?" అన్నాను.

ఫ్రిజ్ వైపు తిరిగి, నన్ను చూస్తూ, నవ్వాడు.